బైసెప్స్ ఆపరేషన్ జరిగి 15 వారాలు: డిసెంబర్ పోటీకి ఏ ఈవెంట్‌తో మొదలుపెట్టాలి?

గుండుబండ · జూలై 12, రాత్రి 10:40

అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి రాయక తప్పలేదు.

మాది గాజువాక. వయసు 33, బరువు 94. నాలుగేళ్ళు పవర్‌లిఫ్టింగ్ చేశాను, గత రెండేళ్ళుగా స్ట్రాంగ్‌మ్యాన్ (రాళ్ళు, బస్తాలు, టైర్ల లాంటి బరువులు ఎత్తే, మోసే పోటీలు). మార్చి రెండో వారంలో లారీ టైరు తిప్పుతుంటే కుడి మోచేతి దగ్గర టప్‌మని చప్పుడైంది, గోనెసంచి కుట్టు తెగినట్టు. పక్కనున్నవాడికి కూడా వినపడింది. నొప్పి ఒక నిమిషం ఉంది, తర్వాత పెద్దగా లేదు. అదే నన్ను ముంచింది. మొదట చూపించుకున్న చోట కండ పట్టేసిందని ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. మూడో రోజుకి మోచేతి లోపలి వైపంతా నేరేడుపండు రంగు. చెయ్యి మడిస్తే కండ భుజం వైపు ముడుచుకుపోయి నిమ్మకాయలా నిలబడుతోంది. అయినా ఇంకో వారం ఊరుకున్నాను. పన్నెండో రోజు వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన చూపుడు వేలు పెట్టి నిమిషంలో తేల్చేశారు. ఎంఆర్ఐ తీయించి మార్చి 29న ఆపరేషన్ చేశారు. బైసెప్స్ టెండన్ (కండని ఎముకకి కట్టి ఉంచే తాడు) ఎముక నుంచి పూర్తిగా ఊడిపోయిందట. బటన్ వేసి మళ్ళీ ఎముకకి కట్టారు.

ఇప్పుడు చెయ్యి పూర్తిగా చాపగలను, మడవగలను. ముంజేతి బయటివైపు అరచేయంత మేర తిమ్మిరి ఉంది. "తేలిక బరువులతో మెల్లగా మొదలుపెట్టు" అన్నారు డాక్టర్. స్ట్రాంగ్‌మ్యాన్ అంటే ఏమిటో చెప్పడానికి ఫోన్లో వీడియో చూపించాను. రాయి ఎత్తే చోట ఆయన ముఖం చూడాలి!

డిసెంబర్ రెండో ఆదివారం హైదరాబాద్‌లో పోటీ. లాగ్ (దుంగలాంటి బరువుని తల మీదికి ఎత్తడం) 90 కిలోలు, యోక్ (బరువు ఫ్రేమ్‌ని భుజాల మీద మోస్తూ నడవడం) 220, ఫార్మర్స్ వాక్ (రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నడవడం) చేతికి 90, ఇసుక బస్తా 80, ఆఖర్న రాళ్ళు. అన్నీ 50 శాతంతో మొదలుపెట్టి వారానికి 5 శాతం పెంచుకుంటూ పోదామని ఎక్సెల్‌లో పట్టిక వేశాను. సరేనా?

---

ఇనుపగుగ్గిళ్ళు · జూలై 12, రాత్రి 10:52

ఆ పట్టిక టెండన్‌కి చూపించావా అన్నా?

---

ఎల్‌ఫోర్_ఎల్‌ఫైవ్ · జూలై 12, రాత్రి 11:30

ముందు ధైర్యం చెప్పనీయండి. లిథువేనియా స్ట్రాంగ్‌మ్యాన్ జైద్రునాస్ సావికస్‌కి 2001లో కోనన్ వీల్ ఈవెంట్‌లో (బరువు దూలాన్ని చేతుల మీద మోస్తూ గుండ్రంగా తిరగాలి) రెండు మోకాళ్ళ టెండన్లూ తెగాయి. ఇక అయిపోయిందన్నారు. 2002 ప్రపంచ పోటీలో రెండో స్థానం. తర్వాత 2009, 2010, 2012, 2014లో గెలిచాడు. ఐస్‌లాండ్ స్ట్రాంగ్‌మ్యాన్ బ్యోర్న్‌సన్‌కి 2023లో బెంచ్‌ప్రెస్ చేస్తుంటే ఛాతీ కండ తెగింది. 2025లో 510 కిలోల డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుని నిటారుగా నిలబడేదాకా లేపడం) చేశాడు.

నా డిస్క్ జారి మూడేళ్ళు. నేనూ ఇప్పుడు లాగుతున్నాను. నువ్వు కూడా వస్తావు.

---

ఇనుపగుగ్గిళ్ళు · జూలై 12, రాత్రి 11:34

1977లో మొట్టమొదటి ప్రపంచ పోటీలోనే వీపున ఫ్రిజ్ కట్టుకుని పరిగెత్తి బాడీబిల్డర్ ఫ్రాంకో కొలంబు మోకాలు పోగొట్టుకున్నాడు, అది కూడా చెప్పు. మన ఆట మొదలైందే అలా.

పైగా బ్యోర్న్‌సన్‌కి తెగడానికీ 510కీ మధ్య రెండేళ్ళున్నాయి. మనవాడు అడిగేది ఎనిమిదిన్నర నెలల సంగతి.

---

పట్టీకట్టు · జూలై 13, ఉదయం 6:15

నేను ఫిజియోథెరపిస్ట్‌ని, వరంగల్. నీ చెయ్యి చూడలేదు, నీ ఆపరేషన్ చేసింది నేను కాదు. కాబట్టి మీ డాక్టర్ మాటకీ నా మాటకీ తేడా వస్తే ఆయన మాటే విను.

ఆ పట్టికలో తప్పు 50 శాతంలో లేదు. అన్ని ఈవెంట్లనీ ఒకే గాటన కట్టడంలో ఉంది. 110 కిలోల యోక్ నీ బైసెప్స్‌ని దాదాపు అడగనే అడగదు, చేతులు నిలువు పైపుల్ని పట్టుకుని ఊరికే ఉంటాయి. 40 కిలోల రాయి మాత్రం నేరుగా నువ్వు కుట్టించుకున్న చోటునే అడుగుతుంది. బరువుని బట్టి కాదు, ఏ ఈవెంట్‌లో మోచెయ్యి ఎలా ఉంటుందో దాన్ని బట్టి వరస పెట్టుకో.

బైసెప్స్ అంటే చెయ్యి మడిచే కండ అనుకుంటాం. కింది టెండన్ అసలు పెద్ద పని అరచేతిని పైకి తిప్పడం. స్క్రూడ్రైవర్ బిగించడం, కుళాయి తిప్పడం లాంటివి. అరచెయ్యి పైకి ఉండి, మోచెయ్యి సగం మడిచి ఉండి, ఆ మడతని బరువు బలవంతంగా సాగదీస్తే తెగేది అప్పుడే. టైరు కింద వేళ్ళు పెట్టి చేత్తో లేపబోయావు కదా? అచ్చం అదే.

అందుకని నేనైతే ఇలా వెళ్తాను. ఇప్పుడు యోక్, స్క్వాట్, కాళ్ళ పని ఎంతైనా చెయ్యి. కానీ యోక్ ఊగితే చేత్తో గట్టిగా లాగి ఆపే అలవాటుంటే బరువు తగ్గించు. లాగ్‌ని స్టాండ్ మీద నుంచి ప్రెస్ చెయ్యి, కింద నుంచి ఒళ్ళోకి, ఒళ్ళో నుంచి ఛాతీకి దొర్లించడం వద్దు. ఆ దొర్లింపులో పని చేసేది బైసెప్సే. ఫార్మర్స్ వాక్‌లో చెయ్యి నిటారుగా ఉంటుంది, అరచెయ్యి ఒంటి వైపు ఉంటుంది కాబట్టి కాస్త నయం. కానీ వేలాడే బరువు టెండన్‌ని సాగదీస్తూనే ఉంటుంది. చేతికి 20తో మొదలుపెట్టు. సిగ్గుపడకు. స్ట్రాప్ కట్టుకుంటే వేళ్ళకి విశ్రాంతి దొరుకుతుంది, టెండన్‌కి కాదు, అది గుర్తుపెట్టుకో. డెడ్‌లిఫ్ట్‌లో ఒక అరచెయ్యి పైకీ ఒకటి కిందికీ పెట్టే పట్టు ఇక జన్మలో వద్దు. బస్తా ఆరు నెలలు దాటాక. రాయి దాని తర్వాత. టైరు గురించి నన్ను అడగకు.

ఇంకో మాట. ఇప్పటి నుంచి రెండు నెలలు చెయ్యి బాగానే ఉందనిపిస్తుంది. కండ తొందరగా తిరిగొస్తుంది, టెండన్ ఎముకలో పూర్తిగా కలిసిపోవడానికి ఇంకా నెలలు పడుతుంది. నా దగ్గరికి రెండోసారి వచ్చేవాళ్ళలో నొప్పి ఉండి వచ్చినవాళ్ళ కంటే, నొప్పి లేదని తొందరపడి వచ్చినవాళ్ళే ఎక్కువ.

తిమ్మిరి గురించి భయపడకు. ఆ నరం ఆపరేషన్ చేసే చోటుకి దగ్గర్లోనే పోతుంది. ఇలా అవడం మామూలే, చాలామందికి మెల్లగా తగ్గుతుంది. పెరిగితే మాత్రం డాక్టర్‌కి చెప్పు.

---

గుండుబండ · జూలై 13, ఉదయం 7:02

మేడమ్, ఇది ప్రింట్ తీసి గోడకి అంటిస్తాను. ఎక్సెల్ డిలీట్ చేశాను.

ఎడమ చేత్తో కర్ల్స్ (మోచెయ్యి మడిచి బరువు లేపడం) చెయ్యొచ్చా? ఒకటే లావై ఇంకోటి సన్నబడితే వికారంగా ఉంటుందని మా ఆవిడ అంటోంది.

---

పట్టీకట్టు · జూలై 13, ఉదయం 7:20

చెయ్యి. ఒక చేతికి వ్యాయామం ఇస్తే రెండో చేతికి కూడా కొంత బలం నిలుస్తుంది, అది నాడుల పనితనం. మీ ఆవిడకి చెప్పు, ఆర్నెల్లు ఓర్చుకోమని.

---

సీమపులి · జూలై 13, మధ్యాహ్నం 1:10

ఇంత ఖర్చు ఎందుకు బ్రో, పుత్తూరు కట్టు వేయించుకుని ఉంటే మూడు వారాల్లో సెట్ అయ్యేది. మా మామకి చెయ్యి విరిగితే అక్కడే బాగయింది.

---

పట్టీకట్టు · జూలై 13, మధ్యాహ్నం 1:45

మీ మామగారికి విరిగింది ఎముక. ఇక్కడ తెగింది టెండన్. ఎముక రెండు ముక్కలూ అక్కడే ఉంటాయి, కదలకుండా ఉంచితే అతుక్కుంటాయి. టెండన్ ఊడగానే కండ దాన్ని పైకి లాక్కుపోతుంది. బయట ఎంత గట్టిగా కట్టినా అది కిందికి రాదు. రోజులు గడిచేకొద్దీ అక్కడే ముడుచుకుని అతుక్కుపోతుంది, అందుకే రెండు మూడు వారాల లోపు ఆపరేషన్ అయితే తేలిక. ఆపరేషన్ వద్దనుకునేవాళ్ళూ ఉంటారు, వయసు పెద్దదై బరువు పని లేకపోతే అది కూడా సరైన నిర్ణయమే. మడిచే బలం కొంత పోతుంది, తిప్పే బలం అంతకంటే ఎక్కువ పోతుంది. రాళ్ళెత్తేవాడికి అది కుదరదు.

---

హమాలీకొడుకు · జూలై 13, రాత్రి 9:05

మాది మిర్యాలగూడ. నాన్న రైస్ మిల్లులో ముప్పై ఏళ్ళు హమాలీ. ఇక్కడ బైసెప్స్ గురించి చదువుతుంటే నాకు నాన్న గుర్తొచ్చి ఫోన్ చేసి అడిగాను. "నాన్నా, మీ వాళ్ళలో ఎవరికైనా మోచేతి దగ్గర కండ తెగిందా?" అంటే కాసేపు ఆలోచించి, నడుములు పోయినవాళ్ళు బోలెడు, మెడలు పోయినవాళ్ళు ఉన్నారు, చెయ్యి అలా తెగినవాడు గుర్తులేడన్నాడు.

ఎందుకంటే హమాలీ బస్తాని చేత్తో ఎత్తడు. ఇద్దరు పైకి లేపి వీపున వేస్తారు, లేదంటే మోకాలి మీదికి దొర్లించి అక్కడి నుంచి భుజానికి తీసుకుంటాడు. చెయ్యి పట్టుకోవడానికే. "చేత్తో ఎత్తకురా, ఒంటికి తెచ్చుకో" అని నేను పదో తరగతి సెలవుల్లో మిల్లుకి వెళ్ళినప్పుడు చెప్పేవాడు. అప్పట్లో వంద కిలోల బస్తాలు. ఇప్పుడు యాభై.

జిమ్ నుంచి వచ్చినవాళ్ళకి బస్తా కనపడగానే మోచెయ్యి మడవాలనిపిస్తుంది. కర్ల్స్ చేసి చేసి వచ్చిన అలవాటు అది. నువ్వు ఇప్పుడు ఎలాగూ బరువెత్తలేవు కదా, ఈ ఆరు నెలలు తేలిక సంచితో ఆ అలవాటు మార్చుకో అన్నా. సంచిలో పది కిలోల ఇసుక పోసి, చేతులు నిటారుగా ఉంచి, ఛాతీకి హత్తుకుని, తుంటితో లేవడం. రోజుకి ఇరవై సార్లు.

---

పట్టీకట్టు · జూలై 13, రాత్రి 9:40

పది కిలోలు కూడా ఇంకో ఆరు వారాల తర్వాత. ఇప్పుడు దిండుతో చెయ్యి. మిగతాదంతా నాన్నగారు చెప్పినట్టే.

---

పెద్దసంగిడి · జూలై 14, ఉదయం 5:50

బాబూ, నాకు అరవై రెండు. పాలకొండ దగ్గర. మా ప్రాంతంలో పండగలప్పుడు సంగిడి రాయి ఎత్తే పోటీలు ఇప్పటికీ ఉన్నాయి. నేను ముప్పై ఏళ్ళ వరకు ఎత్తాను. కోడి రామమూర్తి నాయుడు గారిది మా పక్కన వీరఘట్టమే, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నారని ఆయన కథలు చెప్పే మమ్మల్ని రాయి దగ్గరికి తీసుకెళ్ళేవారు.

మా గురువు గారు ఒక మాట చెప్పేవారు కాదు, ఒక పని చేయించేవారు. కొత్తగా వచ్చినవాడి చేత మొదటి నెల రాయి ఎత్తించడు. దింపిస్తాడు. పెద్దవాళ్ళు ఎత్తి మోకాళ్ళ దాకా తెచ్చిన రాయిని వీడు అందుకుని నేల మీద మెల్లగా పెట్టాలి. ఒక్కోసారి గట్టిగా "వదిలెయ్!" అనేవాడు. అప్పుడు మారు ఆలోచన లేకుండా వదిలేసి వెనక్కి దూకాలి. పట్టుకుని ఉంటే పిర్ర మీద బెత్తం పడేది.

నాకప్పుడు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. రాయి ఎత్తేటప్పుడు తగిలే దెబ్బల కంటే, జారుతున్న రాయిని పట్టుకోబోయి తగిలేవే ఎక్కువ.

---

ఇనుపగుగ్గిళ్ళు · జూలై 14, ఉదయం 8:00

వదిలెయ్యడం ప్రాక్టీస్ చేయించే గురువు. బాబాయ్, మీ గురువు గారు మా హెచ్ఆర్‌కి పాఠాలు చెప్తారా?

---

డల్లాస్_బస్తా · జూలై 15, తెల్లవారుజామున 3:22

నాకు రెండు చేతులూ తెగాయి. మొదట ఎడమది రాళ్ళ దగ్గర, రెండేళ్ళ తర్వాత కుడిది డెడ్‌లిఫ్ట్‌లో, అదీ పట్టీకట్టు గారు చెప్పిన ఆ పట్టులోనే. ఒక చెయ్యి తెగినవాళ్ళకి రెండోది తెగే అవకాశం మామూలు మనిషి కంటే ఎక్కువని నా సర్జన్ అప్పుడు చెప్పాడు. ముందే చెప్పి ఉంటే బాగుండేది. కాబట్టి తమ్ముడూ, ఎడమ చెయ్యిని కూడా ఆపరేషన్ అయిన చేతిలాగే చూసుకో.

మొదటిసారి నేను ఏడు నెలలకే పోటీకి వెళ్ళాను. ఏమీ కాలేదు. కానీ ఇప్పుడు వీడియో చూస్తే కుడి వైపు ఒరిగిపోయి రాయి ఎత్తుతున్నాను, ఎడమ చెయ్యిని కాపాడుకుంటూ. కుడిది తెగడానికి బీజం అక్కడే పడిందేమో.

సిగరెట్ తాగుతావా? మానెయ్. టెండన్‌కి రక్తం అసలే తక్కువ. ఇంకోటి, ఇక్కడ వాళ్ళు బాగా చెప్తారు, ఇండియాలో ఎవరూ చెప్పరు: విరేచనాలకి మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ వేసుకోకు. లీవోఫ్లాక్సాసిన్ కూడా. ఆ రకం యాంటీబయాటిక్స్‌తో టెండన్లు తెగే ప్రమాదం ఉందని ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) 2008లోనే మందు వివరాల కాగితంలో నల్ల గీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది. డాక్టర్ రాస్తే నీ ఆపరేషన్ సంగతి చెప్పి వేరేది ఉందా అని అడుగు.

---

గుండుబండ · జూలై 15, ఉదయం 9:15

ఏప్రిల్‌లో వేసుకున్నానన్నా, మూడు రోజులు. పెళ్ళి భోజనం తిని. ఎవరూ చెప్పలేదు.

---

డల్లాస్_బస్తా · జూలై 15, రాత్రి 8:40

అయిపోయిందానికి టెన్షన్ వద్దు. ఇకపై వద్దు. మీ డాక్టర్‌కి ఒక మాట చెప్పి ఉంచు.

---

గుండుబండ · ఆగస్టు 30, రాత్రి 9:30

22వ వారం. యోక్ 180 తో 20 మీటర్లు. లాగ్ స్టాండ్ మీద నుంచి 70. ఫార్మర్స్ చేతికి 45. గాజువాకలో వెల్డింగ్ షాపు అన్న దగ్గర పాత పైపులతో కొత్త హ్యాండిల్స్ చేయించాను, ఒక్కోటి ఖాళీగా 9 కిలోలు. దిండుతో రోజుకి ఇరవై, హమాలీ నాన్నగారి లెక్క ప్రకారం. మా అమ్మ చూసి దిండుని ఎందుకు అలా కౌగిలించుకుని లేస్తున్నావురా అని అడిగింది. వైద్యం అన్నాను. నమ్మలేదు.

చెయ్యి చాలా బాగుంది. నిజంగా. నిన్న నీళ్ళ డబ్బా ఎడమ చేత్తో ఎత్తాలని గుర్తే లేదు.

---

పట్టీకట్టు · ఆగస్టు 30, రాత్రి 9:44

ఆ ఆఖరి వాక్యం చూసి నాకు భయమేసింది. జూలైలో నేను చెప్పిన రెండు నెలలు ఇవే.

---

గుండుబండ · సెప్టెంబర్ 29, రాత్రి 11:50

మేడమ్, మీరు భయపడినట్టే అయింది.

27వ వారం మొదలు. ఇసుక బస్తా 40 కిలోలు. మూడో సారి ఛాతీ దాకా వచ్చాక చెమటకి జారింది. వదిలెయ్యాల్సింది పోయి కుడి చేత్తో కింద నుంచి పట్టుకున్నాను. మోచెయ్యి మడిచి, అరచెయ్యి పైకి. తెలిసీ. తెలిసేలోపే. చురుక్కుమంది. అక్కడే కూర్చుండిపోయాను. చప్పుడు వినపడలేదు, కానీ వినపడిందేమో అని చెవుల్లో వెతుక్కుంటున్నాను. వేలు పెట్టి చూసుకుంటే తాడు ఉన్నట్టే అనిపిస్తోంది, కానీ భయానికి నా వేలు నాకే అబద్ధం చెప్తోందేమో అని ఉంది.

రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. నిద్ర పట్టట్లేదు, అందుకే రాశాను.

---

పెద్దసంగిడి · సెప్టెంబర్ 30, ఉదయం 4:40

లేచే ఉన్నాను బాబూ. వెళ్ళి చూపించుకుని రా. కంగారుపడి నువ్వే పదేపదే నొక్కి చూసుకోకు.

---

గుండుబండ · సెప్టెంబర్ 30, సాయంత్రం 6:10

అల్ట్రాసౌండ్ చేశారు. టెండన్ ఉంది. కండలో చిన్న లాగుడు అంతే. మూడు వారాలు కుడి చేత్తో బరువు లేదు.

డాక్టర్ ఒకటే అడిగారు: "వదిలెయ్యలేకపోయావా?" ఏం చెప్పాలో తోచలేదు. 40 కిలోల ఇసుక, సంచి పాత గోనె, పడితే నేల మట్టి. పడితే ఏమయ్యేది? ఏమీ కాదు.

---

హమాలీకొడుకు · సెప్టెంబర్ 30, రాత్రి 8:15

సంగిడి బాబాయ్ చెప్పిన బెత్తం ఇప్పుడు నీకు కావాలి. నేను సీరియస్‌గానే అంటున్నాను. మూడు వారాల తర్వాత మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఎవరినైనా పక్కన నిలబెట్టుకో. ప్రతి సెట్‌లో వాళ్ళకి నచ్చినప్పుడు "వదిలెయ్" అనాలి, నువ్వు వదిలేసి వెనక్కి జరగాలి. బస్తా కింద పాత పరుపు వేస్తే కింది వాటా వాళ్ళు గొడవకి రారు.

---

గుండుబండ · నవంబర్ 1, రాత్రి 10:05

31వ వారం. మా ఆవిడ వదిలెయ్ అంటుంది, నేను వదిలేస్తాను. ఆమెకి ఈ వ్యాయామం విపరీతంగా నచ్చింది. ఇంట్లో కూడా అంటోంది, సెల్‌ఫోన్ చేతిలో ఉన్నప్పుడు.

బస్తా 60 దాకా వచ్చింది. ఫార్మర్స్ 75. లాగ్ కింద నుంచి మొదలుపెట్టాను, 60. గుండ్రటి కాంక్రీటు రాళ్ళు పోయించాను. అచ్చు ఒక్కోటి రెండంగుళాలు పెద్దది. ఇక్కడొక సంగతి తెలిసింది. 12 అంగుళాల రాయి 36 కిలోలు. 14 అంగుళాలది 56. 16కి వెళ్తే 84, 18కి 120. జిమ్‌లో రెండున్నర కిలోల ప్లేట్లు వేసుకుంటూ పెరిగిన మనకి ఇది కొత్త. రెండంగుళాలే కదా అనుకుంటే ఇరవై, ముప్పై కిలోలు ఒక్కసారి మీద పడతాయి. మధ్య మెట్టు లేదు.

12 ఎత్తాను. చేతులు తాళ్ళలా వేలాడేసి, రాయిని ముంజేతులతో నొక్కి పట్టి, ఒళ్ళోకి, అక్కడ ఊపిరి తీసుకుని, తుంటితో. బైసెప్స్ ఎక్కడా పలకలేదు. మొదటిసారి రాయి ఇలా ఎత్తాలని తెలిసింది. ఇన్నాళ్ళూ నేను రాయితో కర్ల్ చేస్తున్నాను.

రాయి జారకుండా చేతికి రాసుకునే టాకీ (జిగురు) మా ఎండకి కారిపోతోంది. తెల్లవారుజామున మాత్రమే పని చేస్తుంది.

పోటీలో మొదటి రాయే 80. ఇంకో ఆరు వారాలు. వెళ్ళనా వద్దా?

---

ఎల్‌ఫోర్_ఎల్‌ఫైవ్ · నవంబర్ 1, రాత్రి 10:20

వెళ్ళు. ఏడు నెలలు దాటాయి. ఇంకా భయమేంటి? టెండన్ ఇప్పుడు గట్టిదే అని మేడమ్ కూడా ఒప్పుకుంటారు. భయంతో ఆగితే జీవితాంతం ఆగాలి. నేను డిస్క్ తర్వాత మొదటి 200 లాగినప్పుడు కాళ్ళు వణికాయి. లాగాక పోయింది.

---

డల్లాస్_బస్తా · నవంబర్ 2, తెల్లవారుజామున 4:10

నీకు పోయింది. నాకు రెండో చెయ్యి పోయింది.

---

పట్టీకట్టు · నవంబర్ 2, ఉదయం 6:30

టెండన్ గట్టిదే, ఒప్పుకుంటాను. నేనడిగేది వేరే. ఇప్పటివరకు 14 అంగుళాలది ఎన్నిసార్లు ఎత్తావు? ఒక్కసారీ లేదు. సెప్టెంబర్‌లో జారిన బస్తా 40 కిలోలు, అప్పుడు నీ ముందు జనం లేరు. 80 కిలోల రాయి స్టాండ్ అంచు మీద నుంచి వెనక్కి దొర్లితే, జనం అరుస్తుంటే, వదిలేస్తావా? ఆరు వారాల్లో అది ఒంటికి ఎక్కుతుందా? నాకు నమ్మకం లేదు. ఇది భయం కాదు, ప్రాక్టీస్ చాలలేదు.

స్ట్రాంగ్‌మ్యాన్ మంచితనం ఏంటంటే ఐదు ఈవెంట్లు ఐదు వేరు వేరు లెక్కలు. నిర్వాహకుల్ని అడుగు, ఒకటి వదిలేస్తే ఏమవుతుందో.

---

గుండుబండ · నవంబర్ 3, మధ్యాహ్నం 12:30

అడిగాను. రాళ్ళకి సున్నా, మిగతావి చెయ్యొచ్చన్నారు. ఎల్‌ఫోర్ అన్నా, కోప్పడకు. నాలుగింటికి వెళ్తున్నాను.

---

ఎల్‌ఫోర్_ఎల్‌ఫైవ్ · నవంబర్ 3, మధ్యాహ్నం 12:41

కోపం లేదురా. నాలుగింటికి వస్తే నేను కూడా వస్తాను చూడ్డానికి. ఉప్పల్‌లో మా ఇల్లు, అక్కడే దిగు.

---

గుండుబండ · డిసెంబర్ 15, ఉదయం 10:00

పదకొండు మందిలో తొమ్మిది. యోక్‌లో మూడో స్థానం వచ్చింది! లాగ్ 90 ఒక్కసారి, రెండోసారి ఛాతీ మీద నుంచి పోయింది, వదిలేశాను. ఫార్మర్స్ 20 మీటర్లకి 16 దగ్గర పెట్టేశాను. బస్తా పూర్తి.

రాళ్ళప్పుడు కుర్చీలో కూర్చున్నాను. చేతులు దురద పెట్టాయి. ఎల్‌ఫోర్ అన్న పక్కనే కూర్చుని ఒక్క మాట అనలేదు. ఒక కుర్రాడు 100 కిలోల రాయి అంచు దాకా తెచ్చాడు, అది వెనక్కి దొర్లింది, మోచెయ్యి మడిచి కౌగిలించుకుని పట్టేశాడు. జనం కేకలు. స్టాండ్ మీద పెట్టేశాడు కూడా. నాకు మాత్రం కడుపులో తిప్పింది.

సాయంత్రం ఎల్‌ఫోర్ అన్న వాళ్ళింట్లో నాటుకోడి. వదినకి ఇక్కడి నుంచి కూడా థ్యాంక్స్.

---

పెద్దసంగిడి · డిసెంబర్ 15, ఉదయం 11:20

లాగ్ వదిలేశానని రాశావు చూడు, అది రెండుసార్లు చదివాను.

---

ఇనుపగుగ్గిళ్ళు · డిసెంబర్ 15, ఉదయం 11:25

పన్నెండో స్థానం ఎందుకు రాలేదని అడుగుదామనుకున్నా, పదకొండు మందే ఉన్నారట.

---

కొత్తచెయ్యి · జనవరి 18, రాత్రి 9:12

అన్నా ఈ థ్రెడ్ వెతుక్కుంటూ వచ్చా. నిన్న సంక్రాంతి పోటీల్లో మా ఊళ్ళో గుండు ఎత్తుతుంటే ఎడమ మోచేతి దగ్గర టప్ మంది. ఇవాళ పెద్దగా నొప్పి లేదు. కొంచెం నీలంగా ఉంది. చెయ్యి మడవగలుగుతున్నా. కండ పట్టేసినట్టుంది, వారం రెస్ట్ తీసుకుంటే సరిపోతుందా? ఏ ఆయింట్‌మెంట్ వాడావు?

---

గుండుబండ · జనవరి 18, రాత్రి 9:14

ఆయింట్‌మెంట్ వద్దు. ఇప్పుడే కూర్చో. ఎడమ మోచెయ్యి 90 డిగ్రీలు మడువు, అరచెయ్యి నీ ముఖం వైపు తిప్పు. కుడి చూపుడు వేలు కొక్కెంలా వంచి, మోచేతి మడతలో బయటివైపు నుంచి లోపలికి తోయి. గట్టి తాడు లాంటిది వేలికి తగిలి, దాని కింద వేలు దూరుతుందా? ముందు కుడి చేతికి చేసి చూసుకో, ఎలా ఉండాలో తెలుస్తుంది.

---

కొత్తచెయ్యి · జనవరి 18, రాత్రి 9:21

కుడి చేతికి ఉంది. ఎడమ చేతికి ఏమీ తగల్లేదన్నా. మెత్తగా ఉంది.

---

గుండుబండ · జనవరి 18, రాత్రి 9:22

ఏ ఊరు?

---

కొత్తచెయ్యి · జనవరి 18, రాత్రి 9:23

నందిగామ దగ్గర.

---

పట్టీకట్టు · జనవరి 18, రాత్రి 9:25

రేపు పొద్దున విజయవాడలో ఎముకల డాక్టర్ దగ్గర ఉండాలి. భుజం, మోచెయ్యి ఎక్కువగా చేసేవాళ్ళని అడుగు. "డిస్టల్ బైసెప్స్ (మోచేతి వైపు టెండన్) తెగిందేమో అని అనుమానం" అని నువ్వే చెప్పు, వాళ్ళు కనిపెట్టే దాకా ఆగకు. ఆ చేత్తో చెంబు కూడా ఎత్తకు. మర్దన చేయించకు.

---

గుండుబండ · జనవరి 18, రాత్రి 9:26

నేను పన్నెండు రోజులు కూర్చున్నాను. నీకు ఒక్క రోజే అయింది. బస్సు ఎన్నింటికి?

---

కొత్తచెయ్యి · జనవరి 18, రాత్రి 9:40

ఐదున్నరకి మొదటిది. నాన్నతో చెప్పా. వెళ్తున్నాం.